తల్లిని చూసి కొనండి

వెంకటదుర్గ కుట్టిన జాకెట్టు మళ్లీ సవరణకు రాదని నర్సీపట్నం ఆడవాళ్లు చెప్పుకుంటారు. కొలత ఒకటికి రెండుసార్లు తీసుకోనిదే ఆవిడ కత్తెర పట్టదు. కుక్కపిల్లను ఎంచుకున్నప్పుడూ అలాగే చేసింది.

భర్త సింగన్న ఆర్టీసీ డ్రైవరు. డ్యూటీ పడితే చింతపల్లి, సీలేరు అంటూ ఏజెన్సీలోనే రాత్రుళ్లు గడిచిపోతాయి. పిల్లలు లేని ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో ఆవిడ. ఒక లాబ్రడార్‌ను పెంచుకుందామని అనిపించింది. విశాఖపట్నంలో ఒక దుకాణానికి వెళ్లి చూసింది. అద్దాల పెట్టెల్లో ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్న పిల్లల్ని చూసి, "వీటి అమ్మ ఎక్కడుందండీ?" అని అడిగితే కుర్చీలో కూర్చున్న మనిషి అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. అక్కణ్నుంచి తిరిగి వచ్చేసింది.

పశువుల ఆసుపత్రి డాక్టరుగారు అనకాపల్లిలో నూకరత్నంగారి పేరు చెప్పాడు. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఇంట్లోనే లాబ్రడార్లను పెంచుతుంది, ఏ రెండేళ్లకో ఒక ఈత. దుర్గ తమ్ముడు చిట్టిరాజును వెంటబెట్టుకుని వెళ్లింది. కుక్కపిల్లను చూడ్డానికి వెళ్తే, నూకరత్నంగారు ముందు వీళ్లను చూసింది. ఇంటికి ప్రహరీ ఉందా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఎండాకాలం ఎక్కడ పడుకోబెడతారు, ఇంత పెద్ద కుక్కే ఎందుకు కావాలి, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది, అన్నీ అడిగింది. తర్వాత వరండాలోకి తీసుకెళ్లి తల్లిని చూపించింది. పాలిచ్చి పాలిచ్చి పక్కటెముకలు తేలి, పొట్ట కిందికి జారిన తల్లి. అయినా కొత్త మనుషుల్ని చూసి తోక ఊపుకుంటూ వచ్చి దుర్గ చేతిని వాసన చూసింది.

"తల్లిని చూడకుండా పిల్లను కొనకూడదమ్మా. తల్లి మనిషిని చూసి బెదిరితే పిల్లలూ బెదురుతాయి. తల్లి తుంటి ఎముకలు బాగుంటే పిల్లలు ముసలితనంలో కూడా నడుస్తాయి" అంటూ డాక్టరు తీసిన ఎక్స్‌రేలు వెలుగుకు పట్టి చూపించింది నూకరత్నంగారు. పిల్లను మాత్రం ఆ రోజు ఇవ్వలేదు. పాలు మాని, టీకా పడ్డాక రమ్మంది. ఎప్పుడైనా పెంచలేని పరిస్థితి వస్తే ఇంకెవరికీ ఇవ్వకుండా తనకే తెచ్చి అప్పగించాలని మాట తీసుకుంది. దాంతో పిల్లల్ని పెట్టించే ఉద్దేశం లేకపోతే ఏడాది దాటాక గర్భసంచి తీయించేయమని కూడా చెప్పింది.

ఆ మాటలు జరుగుతున్నంతసేపూ చిట్టిరాజు తల్లికుక్క దగ్గరే గొంతుక్కూర్చుని దాని తల నిమురుతూ వింటున్నాడు. బండిమీద తిరిగి వస్తూ, "పెళ్లిచూపులకి కూడా ఇన్ని అడగరక్కా!" అని ఒకటే నవ్వు.

అలా వచ్చింది జున్ను. ఒంటి రంగు అచ్చం జున్నులాగే ఉండేది. మిషను కింద దుర్గ పాదాల దగ్గర పెరిగింది. ఎవరో పెళ్లికూతురి జాకెట్టు కుట్టగా మిగిలిన మెరూన్ పట్టు ముక్కకు లోపల కాన్వాసు వేసి, ఆకుపచ్చ దారంతో అంచు కుట్టి, దుర్గ దానికి మెడపట్టీ తయారుచేసింది. ఏడాది దాటాక ఆపరేషన్ చేయించింది. కుట్లు మానేదాకా పక్కనే చాప వేసుకుని పడుకుంది.

చిట్టిరాజు సంగతి వేరు. అమ్మ పోయేనాటికి వాడు నడక కూడా సరిగా రాని పిల్లాడు. దుర్గే వాణ్ని చంకనేసుకుని పెంచింది. వాడు బడికి వెళ్లేదాకా తనకు పెళ్లి వద్దంది. నాన్న వదిలిన జీడితోట, నాతవరం రోడ్డులో ఉన్నది, వాడికే ఉండనిమ్మంది. వాడు సెల్‌ఫోన్ల షాపు పెట్టాడు, పుట్టగొడుగులు పెంచాడు, ఏదీ నిలబడలేదు. చివరికి జీడితోటలో గదులు కట్టించి కుక్కపిల్లల్ని అమ్మడం మొదలుపెట్టాడు. గేటు మీద పెద్ద బోర్డు. 'తల్లిని చూసి కొనండి' అని దానిమీద రాయించాడు. అది చదివి దుర్గకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్లకు తమ్ముడు ఒక మంచి మాట చెవిన పెట్టుకున్నాడనుకుంది.

కొన్నాళ్లకు వాడొచ్చి జున్నును ఆదివారాలు పంపమని అడిగాడు.

"పెద్ద కుక్క పక్కనుంటే పిల్లలు మనిషికి బేగి అలవాటు పడతాయక్కా. దీని బుద్ధి వాటికొస్తాది. తోటలో పరిగెట్టుకుంటాది కూడా. ఇక్కడ నీ గుడ్డపీలికల మధ్య ఏటి సుఖం దీనికి?"

దుర్గ సంతోషంగా ఒప్పుకుంది. పొద్దున్న వాడు వ్యానులో ఎక్కించుకెళ్లేవాడు, పొద్దుగూకే ముందు దించేవాడు. జున్ను ఒళ్లంతా దుమ్ముతో, పొట్ట దగ్గర పాలవాసనతో వచ్చేది. వాడు పాలు పోసి ఉంటాడు, కుదురుగా తాగక మీద పోసుకుని ఉంటుందిలే అనుకుని స్నానం చేయించేది. తను కూడా ఒకసారి తోటకు వస్తానంటే వాడు ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేవాడు. "బయటోళ్ల కాళ్లతో పిల్లలకి రోగాలొస్తాయక్కా" అనేవాడు. నిజమే కదా, నూకరత్నంగారు కూడా వాకిట్లోనే కాళ్లు కడుక్కోమంది కదా అనుకునేది. కొలతలివ్వడానికొచ్చినవాళ్లు జున్నును ముద్దు చేస్తే, "మా తమ్ముడి దగ్గర పిల్లలున్నాయమ్మా, సక్కగా తల్లిని సూపించి ఇస్తాడు" అని తనే చెప్పి పంపేది.

ఆ రోజు శుక్రవారం. సోమలమ్మ అనే ఆవిడ చింతపల్లి అవతలి ఊరినుంచి వచ్చింది. అక్కడ అంగన్‌వాడీ టీచరు. చెల్లెలి పెళ్లికి జాకెట్లు కుట్టించుకోవాలని కూతురు సాయిప్రియతో సహా దిగింది. పిల్లకు పదేళ్లుంటాయేమో. దుర్గ సోమలమ్మ భుజం కొలుస్తూ ఉంది. సాయిప్రియ మిషను కిందికి వంగి చూసి, అలాగే నేలమీద కూలబడిపోయింది.

"అమ్మా! మన బుడ్డిగాడి అమ్మ!"

"ఏ బుడ్డిగాడు పాపా?" అంది దుర్గ నవ్వుతూ.

పిల్ల వినిపించుకోలేదు. జున్ను ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. జున్ను దాని చెంప నాకింది. అప్పుడా పిల్ల, పెద్దవాళ్లెవరూ అక్కడ లేనట్టుగా, కుక్కతో మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది.

"నీ పిల్లని బతికించలేకపోయాను. నువ్వు నాకిచ్చావు, నేను సరిగ్గా సూసుకోలేదు. పెరుగన్నం పెట్టకూడదని నాకు తెల్దు. తప్పయిపోయింది. నా మీద కోపం తెచ్చుకోకు."

దుర్గ చేతిలోని టేపు జారి కింద పడింది.

"ఏటమ్మా ఈ పిల్ల సెప్తన్నది?"

సోమలమ్మ కళ్లు తుడుచుకుంది. "నాతవరం రోడ్డులో జీడితోట ఉంది కదండీ, అక్కడ కొన్నాం. చాలా చోట్ల తిరిగినాకే కొన్నామండి. తల్లిని సూడకుండా కొనొద్దని అందరూ అంటారు కదా, అడిగితే ఇదిగో, ఈ కుక్కనే సూపించేరు. పిల్లలన్నీ దీని పొట్ట దగ్గరే ఉన్నాయి. ఇంటికి తెచ్చిన మూడోనాటినుంచి రక్తం విరేచనాలు. ఇక్కడి ఆసుపత్రికే తెచ్చేం. సెలైన్లు ఎక్కించేరు గానీ దక్కలేదు. ఆ తోటాయనకి ఫోన్ సేస్తే, ఏం పెట్టేరని అడిగేడు. పాప పెరుగన్నం పెట్టిందని సెప్పేం. అందుకే సచ్చిపోయిందన్నాడు. అప్పట్నుంచీ ఈ పిల్ల పెరుగు ముట్టట్లేదండి."

"ఇలాంటి కుక్కలు సానా ఉంటాయమ్మా..." అంది దుర్గ, కింద పడ్డ టేపు తీసుకుంటూ.

"ఈ బెల్టే కదా," అంది సాయిప్రియ మెరూన్ పట్టీ మీద వేలు పెట్టి. "పచ్చదారం కుట్టు. నేను ఆ రోజు ఎంతసేపు సూసేనో."

జున్నుకు గర్భసంచి లేదు. అది ఏనాడూ కనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, కానీ దుర్గ అప్పుడు చెప్పలేకపోయింది. చెబితే తమ్ముడు దొంగ అయిపోతాడు. తన కళ్లతో చూడకుండా వాడి గురించి ఆ మాట ఎలా అంటుంది? కొలతలు మళ్లీ మొదటినుంచి తీసుకుంది. భుజం కొలత రాసుకోవడం అప్పటికీ మర్చిపోతే సోమలమ్మే గుర్తుచేసింది.

ఆదివారం చిట్టిరాజు వచ్చినప్పుడు ఎప్పటిలాగే టీ ఇచ్చింది. వాడు జున్నును ఎక్కించుకుని వెళ్లాడు. దుర్గ మిషను మీద గుడ్డ కప్పి, తలుపుకు తాళం వేసి, షేర్ ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఒకటే మొక్కు. పిల్ల పొరపడి ఉండాలి. తమ్ముణ్ని అనుమానించినందుకు తనే సిగ్గుపడి తిరిగి రావాలి.

తోట వెనకవైపు ముళ్లకంచె సందులోంచి లోపలికి నడిచింది. రేకుల షెడ్డులో మరదలు బుల్లమ్మ కూర్చుని ఉంది. చుట్టూ కూరగాయల ట్రేల్లో కుక్కపిల్లలు. కొన్నింటికి కళ్లు పుసులు కట్టి ఉన్నాయి. ఒకటి పక్కకు పడి ఎగరొప్పుతోంది. బుల్లమ్మ ఒక్కొక్కదాన్నీ తడిగుడ్డతో తుడిచి, ఒంటికి పౌడరు రాసి ఇంకో ట్రేలో వేస్తోంది. దుర్గను చూసి చేతిలో పిల్లను కిందికి వదిలేసింది.

"వదినా! మీరేటి ఇలాగొచ్చేసేరు?"

"వీటి తల్లులేవి బుల్లమ్మా?"

బుల్లమ్మ తల వంచుకుంది. "నాకేటి తెల్దొదినా. వ్యాన్లో వస్తాయి. ఎక్కడినుంచో ఆయనకే తెలవాలి."

దుర్గ ముందువైపు నడిచింది. జీడిమామిడి చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఒక జంట కూర్చుని ఉంది. కొత్తగా పెళ్లయినవాళ్లలా ఉన్నారు. ఎదురుగా గోనెపట్టా మీద జున్ను పక్కకు తిరిగి పడుకుని ఉంది. చిట్టిరాజు ఒక గిన్నెలోంచి మీగడ తీసి దాని పొట్టకు రాస్తున్నాడు, మందు రాస్తున్నంత శ్రద్ధగా. తర్వాత పిల్లల్ని తెచ్చి అక్కడ వదిలాడు. ఆకలిమీదున్న పిల్లలు మీగడ వాసనకు పొట్టలోకి దూరిపోయాయి. జున్ను కదల్లేదు. తల ఎత్తి ఒకదాని వీపు నాకింది, ఇంకోదాని చెవి నాకింది.

"తల్లిని సూడకుండా పిల్లని కొనకూడదమ్మా" అంటున్నాడు చిట్టిరాజు. "తల్లి మనిషిని సూసి బెదిరితే పిల్లలూ బెదురుతాయి. మా తల్లిని సూడండి, ఎలాగుందో!"

మాట మాట నూకరత్నంగారిదే. ఆ వరండాలో కూర్చుని విన్నది వాడు ఒక్క ముక్క కూడా పోనివ్వలేదు.

దుర్గ చెట్టు పక్కనుంచి బయటికి వచ్చింది. జున్ను చూసి తోక నేలకేసి కొట్టింది గానీ, పిల్లలు మీదున్నాయని కాబోలు లేవలేదు. చిట్టిరాజు ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం నవ్వు పులుముకున్నాడు.

"ఇదిగో, మాటల్లోనే మా అక్క వచ్చింది. దుర్గా టైలర్స్ తెలుసు కదండీ? దీన్ని పెంచింది ఈవిడే. కావాలంటే అడగండి."

అంటూ అక్క వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకు తెలుసు. చిన్నప్పుడు కుండ పగలగొట్టినా, పలక పోగొట్టినా నాన్న ముందు నిలబడి వాడు అలాగే చూసేవాడు. ప్రతిసారీ దుర్గ వాడికోసం అబద్ధం చెప్పేది. దెబ్బలు కూడా తినేది. వాడు ఇప్పుడూ అదే నమ్మకంతో చూస్తున్నాడు. అక్క కాదనదని వాడికి రవ్వంత అనుమానం కూడా లేదు.

ఆ నమ్మకాన్ని చూశాకే దుర్గ కుర్చీల వైపు తిరిగింది.

"జున్ను కనలేదండీ" అంది ఆ జంటతో. "దీనికి గర్భసంచి లేదు. నేనే ఆపరేషన్ సేయించేను. ఆ పిల్లల తల్లెవరో మాకెవరికీ తెల్దు. వాటికి రోగం కూడా ఉంది. ముందు సబ్బుతో సేతులు కడుక్కోండి. మీ ఇంట్లో ఇంకో కుక్కుంటే దాని దగ్గరకి ఈ బట్టల్తో ఎల్లకండి."

కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఒకసారి దుర్గను, ఒకసారి చిట్టిరాజును చూశాడు. ఏదో అనబోతే భార్య చెయ్యి పట్టుకుని లాగింది. ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు.

"ఒక్క నిమిషం ఆగలేకపోయేవా అక్కా?" అన్నాడు చిట్టిరాజు. గొంతులో కోపంకంటే ఆశ్చర్యమే ఎక్కువుంది. "ఆల్లు ఎల్లినాక నువ్వు నన్ను సెప్పుతో కొట్టినా పడేవోణ్ని. పరాయోళ్ల ముందు పరువు తీసేసేవు."

"చింతపల్లినుంచి వచ్చి కొన్నారే, అంగన్‌వాడీ టీచరు. సిన్నపిల్ల ఉంటాది. పెరుగన్నం వల్ల సచ్చిపోయిందని ఆ పిల్లకి సెప్పేవా?"

"ఏ పిల్ల?"

వాడికి గుర్తులేదు. నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు.

"కొన్న ప్రతోడూ ఫోన్ సేసి ఏడుస్తాడక్కా. ఏదోటి సెప్పాలి కదా. అందరూ ఇలాగే సేస్తన్నారు, నేనొక్కణ్నే ఏటి? ఆ అనకాపల్లి టీచరుగారిలాగ రెండేళ్లకోసారి పిల్లల్ని పెట్టుకుని కూర్చుంటే తిండెలాగ?"

"సెయ్యి. దొంగ పనే సెయ్యి. నన్నెందుకు కలిపేవురా ఇందులో? నా జున్నుని ఎందుకు కలిపేవు?"

చిట్టిరాజు మీగడ గిన్నెమీద మూత పెట్టాడు. తర్వాత, అదేదో తెలిసిన విషయమే అన్నట్టు చెప్పాడు.

"నువ్వంటే ఊళ్లో నమ్ముతారక్కా. నన్నెవరు నమ్ముతారు?"

దుర్గ వంగి, పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ జున్ను పొట్టమీదినుంచి తీసి పట్టామీద పెట్టింది. అవి చల్లటి ముక్కులతో ఆవిడ వేళ్లు వెతుక్కున్నాయి. జున్నును లేపి, చీరకొంగుతో దాని పొట్ట తుడిచింది. మీగడ జిడ్డు ఎంత తుడిచినా పోలేదు. "రాయే" అని మెడపట్టీ పట్టుకుని దాన్ని నడిపించుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది. కుక్కతో ఎక్కించుకోవడానికి ఏ ఆటో ఆగలేదు. నడుచుకుంటూనే ఊళ్లోకి వచ్చింది. తిన్నగా పశువుల డాక్టరుగారింటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే ఉన్నదంతా చెప్పేసింది. తమ్ముడి పేరు కూడా దాచలేదు.

మర్నాడు డాక్టరుగారు ఇంకొందర్ని వెంటబెట్టుకుని తోటకు వెళ్లాడు. బతికున్న పిల్లల్ని ఆసుపత్రికి తెచ్చారు. కొన్ని నిలబడ్డాయి, చాలావరకు పోయాయి. చిట్టిరాజు గేటుకు తాళం వేశాడు. ఆ తర్వాత హైవే మీద నక్కపల్లి దగ్గర ఎవరితోనో కలిసి మళ్లీ అదే వ్యాపారం పెట్టాడని సింగన్న డిపోలో విని వచ్చి చెప్పాడు. అక్కడ చూపించే తల్లి ఎవరిదో తెలియదు. దుర్గ ఆ సంగతీ డాక్టరుగారి చెవిన వేసింది.

చుట్టాలు దుర్గనే తప్పుపట్టారు. సొంత తమ్ముడి కడుపు కొట్టిందన్నారు. అంతకంటే కష్టమైంది షాపులో. కొన్న కుక్కపిల్లలు చచ్చిపోయినవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఆవిడ మాటమీద కొన్నవాళ్లు కొందరు, ఆవిడ పేరు విని కొన్నవాళ్లు కొందరు. పాత ఖాతాదారు చిట్టితల్లి కుట్టడానికిచ్చిన బట్ట అలాగే వెనక్కి తీసుకుంటూ అంది.

"వారం వారం నీ కుక్క ఎల్తంది, వస్తంది. నీకు ముందే తెల్దంటే ఎవరు నమ్ముతారు దుర్గా?"

దుర్గ ఆ బట్టతోపాటు లైనింగు ముక్క కూడా మడిచి ఇచ్చేసింది. ఏం చెప్పినా తమ్ముడు చెప్పే అబద్ధాల్లాగే వినిపిస్తుందనిపించింది. పొట్ట దగ్గర పాలవాసన ఎన్నిసార్లు కడిగిందో తలుచుకుంటే, ఎలా తెలియలేదో తనకే అర్థం కావడం లేదు.

పెళ్లి జాకెట్లు పూర్తయ్యాక, సోమలమ్మ వచ్చేదాకా ఆగకుండా తనే సింగన్న బస్సెక్కి కొండ మీదికి వెళ్లింది. వాళ్ల ఊరికి రోడ్డు దిగి కొంత నడవాలి. సాయిప్రియ ఇంటి ముందు మిరియాలు ఆరబోసిన పట్టా దగ్గర కోళ్లను తోలుతూ కూర్చుని ఉంది. దుర్గను చూసి ఆవిడ వెనకాల వెతికింది.

"బుడ్డిగాడి అమ్మని తేలేదా?"

"బస్సులో ఎక్కనివ్వరమ్మా."

సోమలమ్మ చాప వేసింది. దుర్గ కూర్చుని, దాచకుండా అంతా చెప్పింది. వ్యాను, ట్రేలు, మీగడ, అన్నీ. ఆ మనిషి తన తమ్ముడేనని కూడా చెప్పింది. సోమలమ్మ ముఖం గట్టిపడింది. పిల్ల కోళ్లను మర్చిపోయి వింటోంది.

"పెరుగన్నం వల్ల కాదమ్మా. నీ సేతికొచ్చేటప్పటికే దానికి రోగముంది. నువ్వు ఏటి పెట్టినా, ఏటి పెట్టకపోయినా అంతే. నీ తప్పు రవ్వంత కూడా లేదు."

సాయిప్రియ మిరియపు గింజ ఒకటి తీసుకుని వేళ్లమధ్య దొర్లించింది.

"మరి బుడ్డిగాడి అమ్మ ఎవరు?"

"తెల్దమ్మా."

"ఎక్కడుంటాది?"

"అదీ తెల్దు. కనుక్కోడానికి సూసేను. ఎవరూ సెప్పలేదు."

"అయితే దానికి తన పిల్ల సచ్చిపోయినట్టు ఇప్పటికీ తెల్దు" అంది పిల్ల. సోమలమ్మ లేచి మంచినీళ్లకని లోపలికి వెళ్లింది.

"మీకు ముందే తెల్దా?" అంది సాయిప్రియ.

ఊళ్లో అందరూ అడిగిన మాటే. ఈ పిల్ల మాత్రం తెలుసుకోవాలనే అడిగింది. దుర్గ దాని కళ్లలోకి చూసింది.

"తెల్దమ్మా. నాకు తెల్లేదు."

"నాకూ తెల్లేదు" అంది సాయిప్రియ.

అని జరిగి, దుర్గ పక్కన చాపమీద కూర్చుంది. తమ్ముడి తోటనుంచి వచ్చిన రోజు కూడా రాని ఏడుపు దుర్గకు అప్పుడొచ్చింది. పిల్ల కంగారుపడలేదు. మిరియాల దగ్గరికి వచ్చిన కోడిని ఒక చేత్తో అదిలిస్తూ, ఆవిడ తేరుకునేదాకా అలాగే కూర్చుంది.